జావా ఇంకా అమ్మకానికి ఎందుకు పెట్టలేదంటే

మా వర్క్‌షాపు ముందున్న మెరూన్ రంగు జావా 250 మోటారుసైకిల్ ధర ఎంతని చాలామంది అడుగుతున్నారు. ఇంజన్ పని, రంగు, క్రోమ్ పూత అన్నీ పూర్తయిన మాట నిజమే గాని, దాని యజమానుల వరుసలో ఒక లంకె తెగి ఉంది. అది అతికేదాకా ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోదలచుకోలేదు.

బండితో పాటు మాకు చేతిరాత ఆర్‌సీ పుస్తకం, తెల్లకాగితం మీద రాసిన అమ్మకపు రసీదు వచ్చాయి. ఆ పాత పుస్తకంలో గొప్ప సదుపాయం ఏమిటంటే, బండి చేతులు మారినప్పుడల్లా కొత్త యజమాని పేరు, చిరునామా, తేదీ సిరాతో రాసి స్టాంపు వేసి ఉంటాయి. ఇందులో మూడో పేరు దగ్గర వరుస ఆగిపోయింది. ఆ మూడో యజమాని కాలం చేశాక వారి అబ్బాయి దగ్గర కొన్న మనిషి మాకు అమ్మారు. అంటే తండ్రి పేరు నుంచి వారసుల పేరుకు ఫారం 31తో జరగవలసిన బదిలీ గాని, ఆ తర్వాత 29, 30 ఫారాలతో జరగవలసిన బదిలీ గాని జరగనే లేదు.

ఇంత పాత బండికి ఇవన్నీ ఎవరు చూస్తారని కొందరు అంటున్నారు. ప్రమాదం జరిగిన రోజున అందరూ చూస్తారు. రిజిస్టరులో పేరున్న వ్యక్తినే యజమానిగా భావించి పరిహారం బాధ్యత ఆయన మీదే ఉంటుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పైగా 2021 నిబంధనల ప్రకారం పాతకాలపు బండ్లకిచ్చే, ‘వీఏ’ అక్షరాలున్న వింటేజ్ నంబరు కావాలంటే మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము కట్టాలి. తయారైన ఏడాది లెక్కలోకి రాదు కనుక, సైన్యంలో ఏళ్ల తరబడి తిరిగి వేలంలో బయటికొచ్చిన బుల్లెట్ మోటారుసైకిళ్లు కాగితాల మీద వాటి అసలు వయసు కంటే చిన్నవిగా కనిపిస్తాయి. ఆ వింటేజ్ నంబరుతో రోజూ ఆఫీసుకు వెళ్లడానికి వీల్లేదన్న సంగతి కూడా కొనేవారు ముందే తెలుసుకోవాలి.

మైసూరులో 1961లో మొదలైన జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది కాబట్టి, మాకు ఆధారం ఆర్‌సీ పుస్తకం, రవాణా కార్యాలయం రికార్డు, బండి ఇనుము మాత్రమే. హ్యాండిల్ కింద మెడ భాగంలో గుద్దిన చాసిస్ నంబరు మీద పెన్సిల్ పొడి రుద్ది, సెల్లోటేపు అంటించి లాగితే అంకెలు టేపు మీదికి వస్తాయి. గ్రైండర్‌తో అరగదీసి మళ్లీ గుద్దిన నంబరైతే అంకెల చుట్టూ సన్నని గీతలు కూడా అందులో పడతాయి. ఈ బండి ప్రింటులో అలాంటివి లేవు, అంకెలు పుస్తకంతో సరిపోయాయి. మాకు అన్నిటికన్నా ఊరట కలిగించింది అదే.

మూడో యజమాని కుటుంబం సికింద్రాబాదులోనే ఉంది. వారసులందరూ సంతకాలకు ఒప్పుకున్నారు. విదేశంలో ఉన్న అమ్మాయి నుంచి అంగీకార పత్రం రావలసి ఉంది. ఆర్‌సీ పుస్తకాన్ని షాపులో ఎవరైనా చూడవచ్చు గాని, అందులో ఇంటి చిరునామాలు ఉన్నందున ఫోటో తీయనివ్వము. ఈ వెతుకులాటకూ కాగితాలకూ అయిన ఖర్చు బండి ధరలో కలుస్తుంది. బదిలీ మా పేరు మీదికి వచ్చాక బిల్లులో దాన్ని వేరే వరుసలో చూపించి ధర ప్రకటిస్తాము.