గామా సర్వే ఫైల్లో ఏ కాలమ్ ఏం చెబుతుందంటే

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. మీ ఆఫీసులో హెలికాప్టర్ గామా సర్వే డేటా, అంటే నేలలోంచి వచ్చే గామా కిరణాలను పైనుంచి కొలిచిన డేటా, నీ చేతికిచ్చారని చదివి చాలా సంతోషమేసిందిరా. అందులోనూ లంబాపూర్, పెద్దగట్టు, నాగార్జునసాగర్ ప్రాంతం! నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. ఫైలు తెరిస్తే అటు చివర కనబడనన్ని కాలమ్‌లున్నాయని, పొటాషియం పేరుతోనే మూడున్నాయని, యురేనియం కింద మైనస్ అంకెలు కూడా ఉన్నాయని కంగారుపడ్డావు. తీరిగ్గా చెబుతాను, టీ పెట్టుకుని కూర్చో.

ప్రతి కాలమ్ దగ్గరా ముందు ఒకటే అడుగు: ఇది పరికరం కొలిచిందా, సాఫ్ట్‌వేర్ లెక్కకట్టిందా? సగం చిక్కు అక్కడే విడిపోతుంది. నీ మూడు పొటాషియం కాలమ్‌లలో మొదటిది పరికరం లెక్కపెట్టిన కౌంట్లు. రెండోది ఆ కౌంట్లలోంచి పరాయి సొమ్మంతా తీసేశాక మిగిలింది. మూడోది దాన్ని నేలలో ఉన్న పొటాషియం శాతంగా మార్చింది. మొదటి దాన్ని మాత్రం ఎవరు చెప్పినా చెరపకు. రేపు ఏ సవరణలో తేడా వచ్చినా మళ్లీ అక్కణ్ణించే మొదలుపెట్టాలి.

గామా కిరణం సోడియం అయోడైడ్ స్ఫటికంలో పడితే చిన్న మెరుపు పుడుతుంది. ఆ మెరుపు తీవ్రతను బట్టి కిరణం శక్తి తెలుస్తుంది, పరికరం దాన్ని తగిన చానెల్లో వేస్తుంది. 256 చానెళ్ల పరికరమైతే ఒక్కో చానెల్ సుమారు 12 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. పొటాషియం-40 కౌంట్లు ఎక్కువగా పోగయ్యే శిఖరం 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, అంటే 122వ చానెల్ చుట్టుపక్కల. థోరియం శిఖరం 2614 దగ్గర, అంటే 218వ చానెల్ దగ్గర. పొటాషియం విండో అంటే 1370 నుంచి 1570 దాకా పడిన కౌంట్ల మొత్తం. యురేనియానికి 1660 నుంచి 1860, థోరియానికి 2410 నుంచి 2810. టోటల్ కౌంట్ ఇంచుమించు 400 నుంచి 2810 దాకా అన్నీ కలిపి. ఇంకా పైన, 3000 దాటాక, నేలలోంచి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అక్కడ పడేవి అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల కౌంట్లే, అందుకే ఆ కాలమ్‌కి కాస్మిక్ అని పేరు. దాన్ని పనికిరానిదని పక్కన పెట్టేవు సుమా, మిగతా విండోల్లో కాస్మిక్ వాటా ఎంతో దాంతోనే తేలుస్తారు.

ఇక యురేనియం, థోరియం పేర్ల ముందు చిన్న ఇంగ్లీషు 'e' అక్షరం, అంటే 'ఈక్వివలెంట్' (సమానం) అనే గుర్తు, ఉంది చూశావా? అసలు విషయం అక్కడుంది. మనం యురేనియాన్ని చూడటం లేదు. దాని సంతతిలో ఎక్కడో కిందనున్న బిస్మత్-214 విడిచే 1765 కిరణాన్ని చూసి, పైన ఇంత యురేనియం ఉండాలని లెక్కకడుతున్నాం. థోరియానికీ అంతే, అక్కడ కనబడేది థాలియం-208. ఆ వంశమంతా సమతుల్యంలో ఉంటేనే, అంటే మధ్యలో ఏదీ తప్పిపోకుండా ఉంటేనే, ఆ లెక్క నిలుస్తుంది. యురేనియం వంశంలో మధ్యలో రాడాన్ వాయువు ఉంది, దాని అర్ధాయువు 3.8 రోజులు. బండల పగుళ్లలోంచి తప్పించుకుపోవడానికి ఆ వ్యవధి చాలు. వాన పడితే ఇంకో తంటా: గాల్లో ఉన్న రాడాన్ సంతతి చినుకులతో నేలమీదికి దిగి, యురేనియం కాలమ్ కాసేపు ఊరికే పెరుగుతుంది. ఆ బిస్మత్ అర్ధాయువు 20 నిమిషాలే, కాబట్టి కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. ఫ్లైట్ లాగ్‌లో వాన మాట ఉందేమో తప్పకుండా వెతుకు.

ఇప్పుడు స్ట్రిప్పింగ్, అంటే ఒక మూలకం విండోలో పడ్డ వేరే మూలకం కౌంట్లను తీసెయ్యడం. చాలామంది కళ్లు మూసుకుని బటన్ నొక్కేసే చోటు ఇది, నాకేమో అన్నిటికన్నా ఇష్టమైన చోటు. థోరియం వాళ్ల 2614 కిరణం దారిలో ఢీకొని శక్తి కోల్పోతే కింది విండోల్లో పడుతుంది. ఒక వరసలో థోరియం విండోలో 100 కౌంట్లు, యురేనియం విండోలో 60 ఉన్నాయనుకో. థోరియం కౌంట్లలో ఎంత వంతు యురేనియం విండోలో పడుతుందో చెప్పే ఆల్ఫా నిష్పత్తి 0.27 అయితే ఆ 60లో 27 థోరియానివే. యురేనియానికి మిగిలేది 33. అలాగే థోరియం నుంచి పొటాషియంలోకి బీటా, యురేనియం నుంచి పొటాషియంలోకి గామా అనే నిష్పత్తులు (ఇవి పేర్లు మాత్రమే, ఆ పేర్లున్న కిరణాలు కావు). ఎప్పుడైనా భీమిలి తీరంలో థోరియం ఎక్కువుండే మోనజైట్ ఖనిజం ఉన్న ఇసక మీద తీసిన డేటా దొరికితే ముడి యురేనియం కాలమ్, స్ట్రిప్ చేసిన కాలమ్ పక్కపక్కన పెట్టి చూడు. ఎంత తేడా పడిపోతుందో కళ్లారా కనబడుతుంది. మోనజైట్‌లో కాస్త యురేనియం కూడా ఉంటుంది కాబట్టి సున్నా మాత్రం కాదు.

మైనస్‌లు ఎందుకొచ్చాయో దీన్నిబట్టే తెలుస్తుంది. యురేనియం బాగా తక్కువున్న చోట, సెకనుకొకసారి తీసే కొద్దిపాటి కౌంట్లలోంచి నేపథ్యం (కాస్మిక్, హెలికాప్టర్ సొంత వాటా) తీసి, థోరియం వాటా తీస్తే, కొన్నిసార్లు సున్నాకి కింద పడుతుంది. అది సహజం. వాటిని సున్నా చేశావంటే పైకి ఊగినవి మిగిలి కిందికి ఊగినవి పోతాయి, సగటు దొంగగా పెరుగుతుంది. అయితే -9999 లాంటిది కనబడితే అది కొలత కాదు, డేటా లేదని సాఫ్ట్‌వేర్ పెట్టిన గుర్తు. దాన్ని సగటులో కలవనివ్వకు.

నీ దగ్గర సాగర్ జలాశయం ఉంది కదా, అదొక వరం. లోతైన నీళ్లు నేలలోంచి వచ్చే గామాను ఆపేస్తాయి. హెలికాప్టర్ జలాశయం మధ్య దాటిన వరసలు ఏరి చూడు. సవరించిన పొటాషియం, యురేనియం, థోరియం మూడూ సున్నా చుట్టూ ఊగాలి. యురేనియం ఒక్కటే పైన తేలుతుంటే రాడాన్ సవరణ సరిపోలేదన్నమాట. మూడూ తేలుతుంటే నేపథ్యమే తప్పు. నేనైతే ఏ ఫైలైనా ముందు నీళ్ల మీద వరసలు చూడకుండా మ్యాపు గీయను.

ఎత్తు కాలమ్‌లు కూడా రెండు మూడు ఉంటాయి. నీక్కావలసింది రాడార్ ఆల్టిమీటర్ది, అంటే కింద నేల నుంచి ఎంత ఎత్తు అన్నది. సుమారు 80–100 మీటర్లు పైకి పోతే కౌంట్లు సగమవుతాయి, కాబట్టి నల్లమల అంచుల్లో హెలికాప్టర్ ఒక్కసారి లోయ దాటినా ముడి కౌంట్లు పడిపోతాయి. పక్కనున్న పీడనం, ఉష్ణోగ్రత కాలమ్‌లు ఆ ఎత్తును ప్రామాణిక గాలికి మార్చడానికి. జీపీఎస్ ఎత్తును ఇందులో వాడకు. అది కింద నేల నుంచి కొలిచింది కాదు, పైగా మన దక్షిణాదిలో జీపీఎస్ ముడి ఎత్తు సముద్రమట్టపు లెక్కకి పదుల మీటర్లు తక్కువ చూపిస్తుంది, తీరంలోనైతే నేల ఎత్తు మైనస్‌లోకే పోతుంది. సమయం కాలమ్ కూడా చూసుకో, అది అంతర్జాతీయ సమయం (యూటీసీ) అయితే మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక ఉంటుంది.

డోస్ రేట్ కాలమ్, అంటే గంటకు ఎంత రేడియేషన్ తగులుతుందన్నది, పూర్తిగా లెక్కకట్టిందే, చేత్తో సరిచూడొచ్చు. పొటాషియం 3.5 శాతం, యురేనియం 4 పీపీఎం (పది లక్షల్లో 4 భాగాలు), థోరియం 20 పీపీఎం ఉన్న గ్రానైట్ వరస తీసుకో. పొటాషియం శాతానికి 13.08, యురేనియం పీపీఎంకి 5.68, థోరియంకి 2.49 చొప్పున వేస్తే గంటకు సుమారు 118 నానోగ్రేలు రావాలి. రాకపోతే ఆ కాలమ్‌లో వేరే గుణకాలైనా వాడి ఉంటారు, కాస్మిక్ అయినా కలిపి ఉంటారు.

ఇంకొక్క మాట, మీ పైవాళ్లు తప్పకుండా అడుగుతారు. ఈ కాలమ్‌లన్నీ నేల పైపొర, ఓ 30–50 సెంటీమీటర్లు, అంతవరకే చెబుతాయి. పెద్దగట్టులో యురేనియం ఖనిజం శ్రీశైలం క్వార్ట్‌జైట్‌కీ కింది గ్రానైట్‌కీ మధ్య సందులో ఉంటుంది. పైన రాతిపొర మందంగా ఉన్నచోట నీ యురేనియం కాలమ్ చప్పగా ఉన్నా కింద ఏమీ లేదని రాసెయ్యకు.

క్యాలిబ్రేషన్ రిపోర్టు, అంటే ఆ పరికరాన్ని పరీక్షించి నిష్పత్తులు తేల్చిన రిపోర్టు, ఫైలుతో పాటు ఇచ్చారా? లేకపోతే రేపే అడిగి తీసుకో. ఆల్ఫా, బీటా, గామా ఆ స్ఫటికాలవే అయ్యుండాలి, వేరే సర్వేవి అరువు తెచ్చి వేసుకోవడం కుదరదు. సాగర్ మీద వరసలు ఓ పది కాగితం మీద ఎక్కించి పంపు, నేనూ చూస్తాను. పిన్నిగారికి నమస్కారాలు చెప్పు.

నీ
మూర్తి