డీజిల్ కారు కొనేముందు నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో ములుగు రోడ్డు మీద నాకు చిన్న షెడ్డు ఉంది. డీజిల్ పంపులు, నాజిళ్లు బాగు చేయడం మా పని. మా ఇల్లు గడిచింది, పిల్లలు చదువుకున్నది డీజిల్ బండ్ల మీదే. కాబట్టి డీజిల్ మీద కోపంతో ఇది రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఈ మధ్య మా షెడ్డుకు వస్తున్న కొత్త కార్లను చూసి బాధ కలిగి రాస్తున్నాను. పట్టుమని ఇరవై వేల కిలోమీటర్లు కూడా తిరగని బీఎస్-6 (2020 నుంచి వచ్చిన కొత్త పొగ నిబంధనల) డీజిల్ కార్లు పొగ ఫిల్టర్ మూసుకుపోయి, లాగలేక, మీటరులో లైటు వెలుగుతూ వస్తున్నాయి. ఎక్కువ బండ్లలో ఇంజిన్‌కు ఏ రోగమూ ఉండదు. ఆ మనిషి తిరిగే తిరుగుడుకు ఆ బండి పనికిరాదు. ఆ ముక్క కొనే రోజు ఎవరూ చెప్పలేదు.

మన దగ్గర కార్లు ఎక్కువగా కొనేది రెండు కాలాల్లో. ఒకటి దసరాకు, ఇంకోటి ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బులు చేతికొచ్చాక. అప్పుడు నర్సంపేట, పరకాల, ఆత్మకూరు నుంచి వచ్చి అడుగుతారు. "అన్నా, డీజిల్ తీసుకోమంటవా, పెట్రోల్ తీసుకోమంటవా? మైలేజీ దేనికి ఎక్కువొస్తది?" మైలేజీ డీజిల్‌కే ఎక్కువ, అందులో వాదన లేదు. "నెలకు ఎంత తిరుగుతవు?" అని నేను అడిగితే మాత్రం చాలామంది ఆలోచనలో పడతారు. అసలు లెక్క మొదలయ్యేది అక్కడే.

డీజిల్ ఎందుకు తక్కువ తాగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అది కంపెనీ గొప్పతనం అనుకుంటున్నారు. పెట్రోల్ ఇంజిన్‌లో గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమానికి ప్లగ్గు నిప్పు అంటిస్తుంది. ఆ మిశ్రమాన్ని మరీ గట్టిగా నొక్కితే ప్లగ్గు కంటే ముందే అంటుకుని ఇంజిన్ కొట్టుకుంటుంది, అందుకే పదో వంతుకో, పన్నెండో వంతుకో కుదించి ఆపుతారు. డీజిల్ ఇంజిన్‌లో ఉత్త గాలినే పదిహేనో, పదహారో వంతుకు వచ్చేదాకా నొక్కుతారు. ఆ నొక్కుడుకే గాలి భగభగలాడే వేడికి చేరుతుంది, నాజిల్ చిమ్మిన డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది. ఎంత గట్టిగా నొక్కితే ఇంధనం నుంచి అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. ఇంకో సంగతి, పెట్రోల్ బండిలో యాక్సిలరేటర్ వదిలితే గాలి దారి మూసుకుంటుంది, ఆ ఇరుకు దారిలోంచి గాలి పీల్చడానికే ఇంజిన్ కొంత బలం ఖర్చు పెడుతుంది. డీజిల్‌లో ఆ బాధ తక్కువ. దీనికి తోడు లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోల్ కంటే పది, పదిహేను శాతం ఎక్కువ శక్తి ఉంటుంది. కాబట్టి హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో కూడా డీజిల్ తక్కువే తాగుతుంది. ఊళ్లో తిరిగేవాళ్లకు డీజిల్ వద్దని నేను చెప్పడానికి కారణం మైలేజీ కాదు, అది కింద రాస్తాను.

పికప్ మాట. హుందాయ్ క్రెటానే తీసుకోండి, అందరూ చూసిన బండి. అందులో 1.5 లీటర్ల మామూలు పెట్రోల్ ఇంజిన్‌కు 115 హార్స్‌పవర్, 1.5 లీటర్ల డీజిల్‌కు 116. కాగితం మీద రెండూ సమానం. టార్క్, అంటే తిప్పే బలం, చూస్తే పెట్రోల్‌కు 144 న్యూటన్ మీటర్లు, అదీ 4,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర. డీజిల్‌కు 250, అది 1,500 నుంచే అందుతుంది. ఈ తేడా షోరూం చుట్టూ రెండు కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్‌లో తెలియదు. పరకాల దాటి భూపాలపల్లి రోడ్డు ఎక్కి, బొగ్గు లారీ వెనక ఇసుక లారీ, దాని వెనక మీరు, బండి నిండా మనుషులు, ఏసీ ఆన్‌లో ఉన్నప్పుడు తెలుస్తుంది. డీజిల్ అయితే అదే గేరులో తొక్కితే చాలు, బండి ముందుకు పోతుంది. పెట్రోల్ అయితే ఒక గేరు, ఒక్కోసారి రెండు గేర్లు దించి, ఇంజిన్ అరిచేదాకా తొక్కాలి. సమ్మక్క జాతరకు మేడారం పోయేటప్పుడు తాడ్వాయి అడవి దారిలో ఆగుతూ, కదులుతూ పోయే వరసలో కూడా డీజిల్ క్లచ్ వదిలితే చాలు, పాకుతూ పోతుంది. బరువు, దూరం, ఓవర్‌టేక్, ఈ మూడూ మీ బతుకులో రోజూ ఉంటే డీజిల్‌కు సాటి లేదని ఇప్పటికీ అంటాను. టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టే ఫ్యాను) ఉన్న పెట్రోల్ ఇంజిన్లు ఈ తేడాను కొంత తగ్గించాయి, నిజమే. కానీ వాటిని గట్టిగా తొక్కితే మైలేజీ మీద ఆశ వదులుకోవాలి.

ఇక డబ్బు. మన వాళ్ల మనసులో ఉన్నది పాత లెక్క. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోల్ లీటరు 73 రూపాయలు దాటితే డీజిల్ 41 రూపాయల లోపే ఉండేది. లీటరుకు 32 రూపాయల తేడా ఉంటే డీజిల్ కొననివాడు వెర్రివాడు. ఆ రోజుల్లో దేశంలో అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిలే. 2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధర మీద పట్టు వదిలేశాక తేడా కరుగుతూ వచ్చింది. 2024 మార్చిలో తగ్గించిన తర్వాత హైదరాబాద్‌లో పెట్రోల్ 107 చిల్లర, డీజిల్ 95 చిల్లర. తేడా 12 రూపాయలు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చినప్పుడు మారుతి సుజుకి డీజిల్ కార్లే మానేసింది. అంతకుముందు వాళ్ల స్విఫ్ట్ డీజిల్ మన జిల్లాల్లో ఏ ఊరికి పోయినా కనిపించేది.

పైన చెప్పిన బండికే లెక్క వేద్దాం. కంపెనీ చెప్పే మైలేజీ మాన్యువల్ గేర్ పెట్రోల్‌కు లీటరుకు 17.4 కిలోమీటర్లు, డీజిల్‌కు 21.8. అంటే కిలోమీటరుకు పెట్రోల్ ఖర్చు 6 రూపాయల 17 పైసలు, డీజిల్ ఖర్చు 4 రూపాయల 39 పైసలు. మిగిలేది 1 రూపాయి 78 పైసలు. అదే మోడల్‌లో డీజిల్ బండి ధర దాదాపు లక్షన్నర ఎక్కువ. ఆ లక్షన్నర తిరిగి రావాలంటే 84 వేల కిలోమీటర్లు తిరగాలి. రోడ్డు మీద ఎవరికీ కంపెనీ మైలేజీ రాదు కాబట్టి పెట్రోల్‌కు 13, డీజిల్‌కు 16.5 వేసుకుందాం. అప్పుడు కిలోమీటరుకు రెండున్నర రూపాయల దాకా మిగులుతుంది, 61 వేల దగ్గర అసలు చేతికొస్తుంది. నెలకు 500 కిలోమీటర్లు తిరిగే మనిషికి అది పదేళ్లు. నెలకు 2,500 తిరిగే మనిషికి రెండేళ్లు. జీవితకాల పన్ను కూడా బండి ధర మీద శాతం లెక్కనే పడుతుంది, ఇన్సూరెన్స్‌లోనూ కొంత తేడా వస్తుంది. అవి నేను కలపలేదు.

పెట్రోల్ వైపు లెక్కలో ఒకటి మరవకూడదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, అంటే ఆ మిశ్రమంలో ఆరేడు శాతం శక్తి తగ్గినట్టే. పెట్రోల్ బండి వాళ్లు మైలేజీ పడిపోయిందని మొత్తుకుంటున్నారంటే అది ఊరికే కాదు. అంతమేరకు డీజిల్‌కు మొగ్గు ఉంది. నెలకు 500 తిరిగే మనిషి లెక్క మారేంత మొగ్గు మాత్రం కాదు.

ఇప్పుడు నన్ను ఈ ఉత్తరం రాయించిన విషయానికి వస్తాను. బీఎస్-6 డీజిల్ బండి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది. ఇంజిన్ వదిలే మసిని అది పట్టుకుంటుంది. నిండాక ఆ మసిని లోపలే కాల్చి బూడిద చేయాలి, దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద ఆగకుండా పోతే ఆ పని మనకు తెలియకుండానే అయిపోతుంది. బడికి మూడు కిలోమీటర్లు, కూరగాయలకు రెండు కిలోమీటర్లు తిరిగే బండిలో సైలెన్సర్ సరిగా వేడెక్కేలోపే తాళం తీసేస్తారు. మసి కాలక ఫిల్టర్ నిండిపోతుంది, మీటరులో డీపీఎఫ్ లైటు వెలుగుతుంది.

సుబేదారి నుంచి ఒక టీచర్ మేడం బండి వచ్చింది. "లైటు ఎప్పటి నుంచో వెలుగుతుంది, బండి నడుస్తుంది కదా అని ఊకున్నా" అన్నారు. బానెట్ ఎత్తి ఆయిల్ గేజీ తీసి చూస్తే నూనె పై గీత దాటి ఉంది. ఏ ఇంజిన్‌లో అయినా వాడేకొద్దీ నూనె తగ్గాలి గానీ పెరగకూడదు. రెండు వేళ్ల మధ్య రాస్తే జిగురు లేదు, నీళ్లలా జారింది. ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన. ఫిల్టర్‌ను వేడి చేయడానికి ఇంజిన్ కొంచెం డీజిల్ అదనంగా చిమ్ముతుంది. ఆ పని సగంలో ఉండగా రోజూ బండి ఆపేస్తూ పోతే కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఆ పలచబడ్డ ఆయిల్‌తో ఇంకొన్నాళ్లు నడిపితే టర్బో పోతుంది, బేరింగులు పోతాయి. ఆమె తప్పు ఏముంది ఇందులో? బండి అప్పగించిన రోజు దండ వేసి, స్వీటు పెట్టి, ఫొటో తీసి పంపారట. ఆ లైటు అర్థం ఏమిటో ఒక్కరూ చెప్పలేదు. మాన్యువల్‌లో ఉంది గానీ ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో.

ఆ లైటు వెలిగిన మొదటి రోజే మడికొండ దాటి స్టేషన్ ఘన్‌పూర్ వైపు ఆగకుండా ఇరవై, ఇరవైఐదు నిమిషాలు అరవై పైన వేగంతో పోనిస్తే చాలాసార్లు ఫిల్టర్ తనంతట తానే శుభ్రపడుతుంది. ఇంత చిన్న సంగతి తెలియక వేలకు వేలు పోస్తున్నారు.

దీనికి ఎదురుగా ఇంకో మనిషి ఉన్నాడు. భూపాలపల్లి నుంచి సింగరేణి కార్మికుల కుటుంబాలను హైదరాబాద్ ఆస్పత్రులకు తీసుకుపోయే డ్రైవర్ తమ్ముడు. అతని డీజిల్ బండి రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటింది. ఆయిల్ టైముకు మారుస్తాడు, డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు దించుతాడు, పెద్ద రిపేరు ఇంతవరకు రాలేదు. అతన్ని పెట్రోల్ కొనమంటే అతని కడుపు కొట్టినట్టే.

రైతు సోదరులకు ఒక మాట. ట్రాక్టర్ కోసం డ్రమ్ములో, క్యాన్లలో నిల్వ పెట్టిన డీజిల్ కొత్త కారులో పోయకండి. ఇవాళ్టి నాజిల్ పదహారు వందలు, రెండు వేల బార్ ఒత్తిడి మీద పనిచేస్తుంది, దాని రంధ్రం వెంట్రుకంత సన్నం. డ్రమ్ము అడుగున చేరిన తేమ, తుప్పు పాత ట్రాక్టర్ ఓర్చుకుంటుంది, కారు ఓర్చుకోదు. నాలుగు నాజిళ్లు మార్చాలంటే మంచి పాడి బర్రె ధర అవుతుంది.

ఫిల్టర్ బాధ తప్పించుకోవడానికి కొందరు దాన్ని లోపల ఖాళీ చేయించి, సాఫ్ట్‌వేర్ మార్పించుకుంటున్నారు. మా షెడ్డులో ఆ పని చేయం, ఎంత ఇస్తానన్నా చేయం. చట్టానికి విరుద్ధం అన్నది ఒకటి. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లోనే తేల్చింది. ఆ పొగ మధ్య మా పిల్లలు, నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు రోజంతా ఉంటారు. పొగ పరీక్ష సర్టిఫికెట్లు ఇచ్చేచోట బండిని నిజంగా రేస్ చేసి చూస్తే ఇలాంటివి దొరుకుతాయి. రవాణా శాఖ అధికారులు ఒకసారి వరంగల్‌లో ఆ కేంద్రాలను తిరిగి చూడాలని కోరుతున్నాను.

షోరూం వాళ్లను నేను కోరేది పెద్ద పనేమీ కాదు. కొటేషన్ కాగితం మీద "నెలకు ఎన్ని కిలోమీటర్లు, అందులో హైవే ఎంత" అని ఒక గడి పెట్టి నింపించండి. డీజిల్ బండి ఇస్తే డీపీఎఫ్ లైటు గురించి తెలుగులో అరపేజీ రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోండి. మీ పత్రిక కూడా కార్ల గురించి రాసేటప్పుడు రంగులు, టచ్ స్క్రీన్ సైజుతో పాటు, డీజిల్‌కు ఎక్కువ పెట్టిన ధర ఎన్ని కిలోమీటర్లకు తిరిగొస్తుందో లెక్క వేసి అచ్చు వేయండి. ఆ అరపేజీ ఇవ్వని చోట డీజిల్ బండి బుక్ చేయొద్దని మా షెడ్డుకు వచ్చేవాళ్లకు నేను ఇప్పటికే చెబుతున్నాను.

ఇట్లు,
ఒక డీజిల్ మెకానిక్,
ములుగు రోడ్డు, హనుమకొండ