రెండుసార్లు కొడితే పడే బ్రేకు

ఎడిటర్ గారికి నమస్కారం.

వాహనాలకు ఏటా తనిఖీ తప్పనిసరి చేయడం జనాన్ని పీడించడమేనని, ప్రాణాలు తీస్తున్నది బండ్లు కాదు, వాటిని నడిపే మనుషులేనని మీ పేజీలో ఒక పాఠకుడు రాశారు. నేను ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టుకుని బతికినవాణ్ని. ఆయన మాటలో సగం నిజముంది. మిగతా సగం గురించే ఈ ఉత్తరం.

ఈ మధ్య మా బంధువు ఒకడు తన వ్యానులో దూరప్రయాణం పెట్టుకుని, "బాబాయ్, ఒకసారి బండి చూసిపెట్టు" అన్నాడు. ఎక్కి కూర్చుని బ్రేకు నొక్కాను. పెడల్ కిందికంటా పోయింది. వదిలి మళ్లీ నొక్కితే అప్పుడు కాలికి అందింది. ఇదేంట్రా అంటే, "దానికి అలవాటే బాబాయ్, రెండుసార్లు కొడితే పడుతుంది" అని నవ్వాడు. ముందు టైరు బయటివైపు గాళ్లు బాగానే కనబడుతున్నాయి. లోపలి అంచు తడిమితే మాత్రం గాజుపలకలా నున్నగా తగిలింది. నిలబడి చూసేవాడికి అది మంచి టైరే. వంగి చెయ్యి పెట్టినవాడికే సంగతి తెలుస్తుంది. అద్దానికి అంటించిన ఫిట్‌నెస్ కాగితానికి ఇంకా నాలుగు నెలల గడువుంది. ఎలా వచ్చిందిరా అని అడిగాను. బండి తీసుకెళ్లనే లేదట, ఎవరో మనిషి తెచ్చి ఇచ్చాడట.

నాకు అసలు టెన్షన్ పట్టుకుంది ఆ తర్వాత. ఆ వ్యాను ఎక్కువగా నడిపేది వాడి కొడుకు. లైసెన్సు లేదు సరికదా, తీసుకునే వయసే ఇంకా రాలేదు. పిల్లాడు డ్రైవింగ్ నేర్చుకున్నదే ఆ బండి మీద. బ్రేకంటే రెండుసార్లు కొట్టేదేనని వాడి లెక్క. దాన్ని లోపమని అనుకోవడానికి మంచి బ్రేకు ఎలా ఉంటుందో వాడికి తెలియాలి కదా. ఇప్పుడు చెప్పండి, రేపు ఏదైనా జరిగితే తప్పు మనిషిదని రాయాలా, బండిదని రాయాలా?

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా ఏదో అడ్డొచ్చిందని కన్ను చూసి, కాలు పెడల్ మీదికి వెళ్లేసరికే సెకనున్నర పోతుంది, అంటే 25 మీటర్లు. అక్కణ్నుంచి మంచి బ్రేకు, మంచి టైరు, పొడి రోడ్డు ఉంటే ఇంకో 20 మీటర్లకు బండి ఆగుతుంది. వేగం 80 అయితే ఆ 20 కాస్తా 35 దాటుతుంది. బ్రేకు పట్టాక బండి పోయే దూరం వేగం పెరిగినంతే పెరగదు, దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇందులో రెండోసారి కొట్టడానికి పట్టే అర సెకను కలుపుకోండి. 60లో అది ఎనిమిది మీటర్ల పైమాటే. రోడ్డు దాటే మనిషికి ఎనిమిది మీటర్లంటే ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో రోడ్ల మీద ఏటా సుమారు 11.9 లక్షల మంది పోతున్నారు. అందులో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు, రెండు మూడు చక్రాల బండ్లవాళ్లే. తనిఖీ ఖర్చు గురించి ఫిర్యాదు చేసేది మాత్రం ఎక్కువగా నాలుగు చక్రాలున్నవాళ్లు.

తనిఖీలనేవి ఎవరి బుర్రలోనో నిన్నమొన్న పుట్టినవి కావు. బ్రిటన్‌లో డ్రైవింగ్ పరీక్షను 1935లో తప్పనిసరి చేశారు. బండికి పరీక్ష పెట్టడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1960లో మొదలుపెట్టినప్పుడు పదేళ్లు దాటిన బండ్లకే, అదీ బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ వరకే. తప్పిన బండ్లు అన్నీ ఇన్నీ కావు. దాంతో ఏడాది తిరిగేసరికి ఆ పదేళ్లను ఏడుకు, 1967లో మూడుకు దించారు. టైర్లను 1968 దాకా చేర్చలేదంటే నాకే ఆశ్చర్యం. ఇక అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం 2025 జనవరి నుంచి సొంత బండ్లకు ఏటా జరిగే భద్రతా తనిఖీని ఎత్తేసింది. ఆ పాఠకుడికి ఇది నచ్చే వార్తే. ప్రమాదాల్లో ఎక్కువ భాగం మనిషి పొరపాటు వల్లేనన్నది కూడా కాదనను. కానీ ప్రమాదమయ్యాక "అతివేగం" అని రాయడం సులువు. నుజ్జయిన బండిలో బ్రేకు అంతకుముందు ఎలా పట్టేదో వెతికేవాళ్లు ఎందరు?

తనిఖీ అంటే నా ఉద్దేశం ముద్ర కాదు. రోలర్ల మీదికి బండిని ఎక్కిస్తే ఏ చక్రానికి ఎంత బ్రేకు పడుతోందో మిషనే చెబుతుంది. కుడికీ ఎడమకీ తేడా ఎక్కువుంటే గట్టిగా నొక్కినప్పుడు బండి ఓ పక్కకి లాగుతుంది. నడిపేవాడికి నెమ్మదిగా అలవాటైపోయి ఆ తేడా తెలియకుండా పోతుంది. బ్రేకు ఆయిల్ సంగతీ అంతే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడ్డ ఆయిల్‌తో ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు తొక్కిపట్టి ఉంచితే వేడికి మరిగి బుడగలు కడుతుంది, పెడల్ ఖాళీగా దిగిపోతుంది. రెండేళ్లకోసారి మార్చమని చాలా బండ్ల పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకం ఎవరు తెరిచారు గనక!

నేను అడిగేది పెద్దదేమీ కాదు. బండి రాకుండా కాగితం రాకూడదు. ఆ కాగితం మీద పాస్ అన్న ఒక్క మాట కాకుండా ప్రతి చక్రం బ్రేకు అంకె, టైరు గాడి ఎన్ని మిల్లీమీటర్లున్నదీ అచ్చు వేయాలి. చాలా దేశాల్లో 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ టైరు పనికిరాదు. లైసెన్సు లేకుండా పట్టుబడితే నడిపినవాడితో పాటు తాళాలిచ్చినవాణ్నీ పిలిచి అడగాలి. మా బంధువు కొడుకు తాళాలు దొంగిలించలేదు, రోజూ పొద్దున్నే తండ్రే చేతికిస్తున్నాడు.

ఇంకొకటి, ఇది చాలామందికి నచ్చకపోవచ్చు. ఏళ్ల తరబడి లైసెన్సు లేకుండా నడుపుతున్నవాళ్లకు కొన్ని నెలలు గడువిచ్చి, పాత జరిమానాలు అడక్కుండా పరీక్షకు రానివ్వాలి. లైసెన్సు లేనివాడు గుద్దాక ఆగడు. దొరికిపోతానన్న భయంతో దెబ్బ తిన్నవాణ్ని అక్కడే వదిలేసి పోతాడు. అలా పోయిన బండి వెనక లైట్లను నా కళ్లతో నేను చూశాను. దాని గురించి ఇక్కడ రాయను.

ఆ వ్యాను ప్రయాణం ఆపించాను. పెడల్ నొక్కినప్పుడు ఆయిల్‌ను చక్రాలవైపు నెట్టే మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు వాషర్లు అరిగిపోయి ఉన్నాయి. కిట్టు వేయించి, ఆయిల్ మార్పించి, ముందు టైర్లు రెండూ కొత్తవి ఎక్కించారు. బండి ఇంటి ముందు నిలబెట్టి ఉండగా పిల్లాడు ఎక్కి పెడల్ నొక్కి చూశాడు. "ఇదేంటి తాతయ్యా, సగంలోనే ఆగిపోతోంది, పాడైందా?" అని అడిగాడు.

ఇట్లు,
ఒక పాత డ్రైవరు