పదిమందికి ఒకరు సరే, ఒక్కరే ఉన్న బడికి ఎవరు?

సంపాదకులకు,

ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో నిర్దేశించింది. తెలంగాణలో 2024 డీఎస్సీ ప్రకటన ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్‌జీటీ పోస్టులు చూపింది. ఇన్నేళ్లూ ఒప్పంద పద్ధతిలో పనిచేస్తూ ఈ పిల్లలకు బోధించే ఐఈఆర్పీల (రిసోర్స్ పర్సన్ల) భుజాల మీద నడిచిన ఈ విభాగానికి రెగ్యులర్ పోస్టులు రావడం సంతోషమే. అయితే పల్లె బడుల్లో ఇరవై ఆరేళ్లు పాఠాలు చెప్పినదాన్ని కనుక, ఈ నిష్పత్తిలో ఒక చిక్కు నాకు కనిపిస్తోంది.

మా వైపు ఇలాంటి పిల్లలు పదిమంది ఒకే బడిలో ఉండరు. ఒక ఊళ్లో వినికిడి లోపం ఉన్న బాబు ఉంటే, నాలుగు కిలోమీటర్ల అవతలి తండాలో సరిగా నడవలేని పాప ఉంటుంది. అందుచేత ఉపాధ్యాయులైనా ఊరూరూ తిరగాలి, పిల్లలైనా మండల కేంద్రంలో వారి కోసం ఉన్న భవిత కేంద్రానికి వెళ్లాలి.

నా ఏడో తరగతిలో చూపు బాగా మందగించిన అమ్మాయి ఉండేది. ఆమెను భవితకు తీసుకెళ్లాలంటే తండ్రి ఒకరోజు కూలి వదులుకుని ఆటోకు డబ్బు పెట్టుకోవాలి. పత్తితీత మొదలైతే ఆ ప్రయాణం ఆగిపోయేది. వారానికోసారి వచ్చే ఐఈఆర్పీ ఎంతో ఓపికగలవారే, కానీ ఆమె అమ్మాయిని వరండాలో కూర్చోబెట్టుకుని చెబుతుంటే లోపల నా లెక్కల పాఠం ఆ పిల్లకు తప్పిపోయేది. ఒకరోజు ఆ ఐఈఆర్పీని నా తరగతిలోనే కూర్చోమని అడిగాను. కిటికీ వెలుగు పడి నల్లబల్ల మెరుస్తోందనీ, నేను అంకెలు పైకి చదవకుండానే రాసేస్తున్నాననీ ఆమె చెప్పేదాకా, అంత అనుభవం ఉండి కూడా, నాకు తట్టలేదు. మర్నాటి నుంచి బెంచీ జరిపాం, నేను చదువుతూ రాశాను. దీనికి పైసా ఖర్చు కాలేదు.

వైకల్యం ఉన్న పిల్లలు, లేని పిల్లలు కలిసి చదువుకోవాలని, బోధనను వారి అవసరాలకు తగినట్టు మలచాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమ్మిళిత విద్యను నిర్వచించింది. మనం మాత్రం హాజరు పట్టీలో పేరు పక్కన సీడబ్ల్యూఎస్‌ఎన్ (ప్రత్యేక అవసరాలు గల పిల్లలు) అని రాసి, ర్యాంపు కట్టి ఊరుకుంటున్నాం (ఆ ర్యాంపులు కొన్నిచోట్ల ఎంత నిటారుగా ఉంటాయో చూసినవారికే తెలుసు).

కొత్తగా వచ్చే ఉపాధ్యాయులు ఏ బడికి ఏ రోజు వస్తారో టైంటేబుల్‌లోనే చేర్చాలి. వచ్చిన రోజు పిల్లను బయటికి పిలవకుండా తరగతి ఉపాధ్యాయుల పక్కనే కూర్చుని, మిగిలిన ఐదు రోజులు ఏం చేయాలో రాసిచ్చి వెళ్లాలి. ఊరూరూ తిరిగేవారికి ప్రయాణ భత్యం జీతంతో పాటే అందాలి. పాఠశాల విద్యాశాఖ ఈ మేరకు ఉత్తర్వులు ఇస్తుందని ఆశిస్తున్నాను.

– విశ్రాంత ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా