ఆరోగ్యమాత పండుగ జమా ఖర్చులు, మిగిలిన 45,200 సంగతి

మన విచారణ (పారిష్) ప్రజలందరికీ వందనాలు. 2025 ఆగస్టు 29న ఆరోగ్యమాత (మరియమ్మ) పండుగ జెండా ఎగరేసిన దగ్గర్నుంచి సెప్టెంబరు 8 పండుగ భోజనాల దాకా పండుగ కమిటీ చేతికి వచ్చిన డబ్బు, పెట్టిన ఖర్చు ఇది. ముందు మూడు అంకెలు చెప్పేస్తాం: జమ 4,59,390, ఖర్చు 4,14,190, మిగులు 45,200 రూపాయలు. మిగులులో 38,700 బ్యాంకులో ఉంది, 6,500 కోశాధికారి దగ్గర నగదుగా ఉంది. వాట్సాప్ గ్రూపులో పది రోజులుగా నడుస్తున్న గొడవంతా ఈ 45,200ను స్మశానం గోడకు వాడాలా వద్దా అన్నదాని మీదే కాబట్టి దాని దగ్గరికి కూడా వస్తాం, కానీ లెక్క పూర్తిగా చదివాక మాట్లాడితే బాగుంటుంది.

ఒక విషయం మాత్రం ముందే చెప్పాలి. ఆదివారం పూజలో వేసే కానుకలు, హుండీ, పూజ ఉద్దేశాలకు (ఫలానా వాళ్ల కోసం పూజ చేయమని) ఇచ్చే డబ్బు ఈ లెక్కలో లేవు, ఉండవు కూడా. అది విచారణ ఖాతా, ఫాదర్ గారూ విచారణ ఆర్థిక సంఘమూ చూసుకుంటారు. "నవదినాల్లో (పండుగ ముందు తొమ్మిది రోజుల ప్రార్థనల్లో) అన్ని పూజలు రాయించాం, ఆ డబ్బు ఎక్కడ చూపించారు" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. పూజ కానుకకు తిరుసభ (కథోలిక సంఘం) చట్టంలోనే వేరే నియమం ఉంది: గురువు (ఫాదర్) రోజుకు ఎన్ని పూజలు చేసినా ఒక్క పూజ కానుకే తన కోసం ఉంచుకోవచ్చు (క్రిస్మస్ రోజు ఒక్కటే మినహాయింపు), మిగతావి పీఠాధిపతి (బిషప్) నిర్ణయించిన పనికి వెళ్తాయి. దాంట్లో పండుగ కమిటీ వేలు పెట్టడానికి లేదు.

ఇక జమ. పోయిన ఏడాది నిలువ 18,640. ఇంటింటి చందా 2,36,400, మన 238 కుటుంబాల్లో 197 కుటుంబాలు ఇచ్చాయి. ఇవ్వని వాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు, పెట్టం. ఈ ఏడాది కౌలు డబ్బులు కూడా రాని ఇళ్లున్నాయి, వాళ్ల సంగతి వాడ పెద్దలకు తెలుసు. నవదినాలకు రోజుకో పోషకుడు 5,000 చొప్పున 45,000. హైదరాబాదు, బెంగళూరు, గల్ఫ్, అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపింది 1,12,500, ఇందులో ఎక్కువ భాగం కువైట్ నుంచే వచ్చింది, అక్కడ ఇళ్లల్లో పనిచేస్తున్న మన ఆడబిడ్డలు తలా కొంత వేసుకుని పంపారు. తేరు పూలకని ఒక కుటుంబం 15,000 ఇచ్చి పేరు రాయొద్దన్నారు, రాయలేదు. మరియమ్మ విగ్రహానికి కట్టిన చీరల వేలంలో 31,850. నిరుడి మీద వేలం బాగా నడిచింది, ఒక నీలం పట్టుచీర దగ్గర ఇద్దరు వదినలు పట్టుదలకు పోయినందుకు కమిటీ తరఫున ఇద్దరికీ కృతజ్ఞతలు.

ఇస్తామని రాయించి ఇంకా ఇవ్వనిది 21,000 ఉంది. చేతికి రాని డబ్బును జమలో చూపించలేదు. బియ్యం ఆరు బస్తాలు, కొబ్బరికాయలు, ఒక ఆసామి ఇచ్చిన అరటి గెలలు కూడా డబ్బుగా లెక్కగట్టలేదు.

ఖర్చులో అందరూ అడిగేది టెంట్లు, మైకు, లైటింగ్. షామియానాలు, కుర్చీలు, స్టేజి 62,000, మైక్ సెట్, లైటింగ్ 58,000. నిరుటి కంటే ఎక్కువే, నిజం. కారణం క్యాలెండర్. ఈసారి వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది, మన జెండా 29న. మండపాలన్నీ అప్పటికే కట్టేశారు, తొమ్మిదో రోజు, పదకొండో రోజు నిమజ్జనాలు అయ్యేదాకా ఈ చుట్టుపక్కల టెంటు సామాను ఖాళీ లేదు, ఉన్నవాళ్లు అడిగిందే రేటు. అందుకే సెప్టెంబరు 6 దాకా గుడి ముందు చిన్న షామియానాతో సర్దుకుని, పెద్ద టెంట్లు 7, 8 తేదీలకే వేయించాం. నవదినాల్లో ముసలివాళ్లు వానలో తడిశారని ఫిర్యాదు వచ్చింది, న్యాయమైనదే, కానీ పదకొండు రోజులూ పెద్ద టెంట్లు వేయించి ఉంటే ఇప్పుడు మిగులు గురించి కొట్టుకోవడానికి మిగులే ఉండేది కాదు. రామాలయం వీధి వినాయక కమిటీ కుర్రాళ్లు వాళ్ల నిమజ్జనం అయిపోగానే 200 కుర్చీలు ఆటోలో వేసుకొచ్చి దింపి పోయారు, అద్దె అంటే తీసుకోలేదు. పండుగ రోజు మొదటి బంతిలో వాళ్లనే కూర్చోబెట్టాం.

జనరేటర్ అద్దె, డీజిల్ 17,300. ఏడో తేదీ రాత్రి కరెంటు పోయిన సంగతి మీకు తెలిసిందే. ఆ రాత్రే సంపూర్ణ చంద్రగ్రహణం కూడా, పది కావస్తుండగా పట్టు మొదలవుతుందని పెద్దవాళ్లు టెన్షన్ పడ్డారు, ఫాదర్ గారు ప్రసంగంలో ఎంత నచ్చజెప్పినా గర్భిణులున్న ఇళ్లవాళ్లు తొందరపడుతూనే ఉన్నారు. తేరు ప్రదక్షిణ ఏడింటికే మొదలుపెట్టి తొమ్మిదిన్నర లోపు గుడికి చేర్చేశాం. గ్రహణం పుణ్యమా అని బ్యాండు వాళ్లకు అదనపు గంటల డబ్బు ఇవ్వాల్సిన పని లేకపోయింది, మాట్లాడుకున్న 25,000తో సరిపోయింది.

తేరు అలంకరణ, పూలు 34,500, అందులో 15,000 పైన చెప్పిన కుటుంబానిది.

భోజనాలు 1,38,760. ఇదే అన్నిటికంటే పెద్ద పద్దు కాబట్టి విడగొట్టి చెబుతున్నాం. కోడి మాంసం 260 కిలోలు, కిలో 190 చొప్పున 49,400. నూనె, పప్పు, కూరగాయలు, పెరుగు, మసాలా కలిపి 41,360. వంటవాళ్ల కూలి 18,000. గ్యాస్ బండలు ఐదు, 9,000. విస్తరాకులు, గ్లాసులు, మంచినీళ్లు 13,000. నవదినాల్లో సాయంత్రం పూజ తర్వాత పిల్లలకు పెట్టిన టిఫిన్లకు 8,000. కమిటీ వేసిన అంచనా 1,400 మంది, వచ్చింది 1,600 పైనే, చివరి బంతికి కూర అయిపోయి పప్పుచారుతో నడిపించాం. "కోడి కూర మానేసి పులిహోర, దద్దోజనం పెడితే సగం మిగిలేది కదా" అన్న మాట వచ్చింది. పక్క ఊళ్ల నుంచి ఆడబిడ్డలు, అల్లుళ్లు వచ్చే ఒక్క రోజు అది. ఆ ఖర్చు తగ్గించాలని ఈ కమిటీకి లేదు, వచ్చే కమిటీకి ఉంటే వాళ్లిష్టం.

మిగతావి: నవదినాలకు వచ్చిన ప్రసంగీకులైన గురువుల రాకపోకలకు 22,000. ఫ్లెక్సీలు, ఆహ్వాన పత్రికలు, ప్రార్థన పుస్తకాలు 19,450. పాటల బృందానికి కీబోర్డు, తబలా వాయించిన వాళ్లకు 12,000. కొవ్వొత్తులు, కొత్త జెండా, పీఠం సామగ్రి 11,200. నీళ్ల ట్యాంకర్లు, పారిశుద్ధ్యం 9,600. చిల్లర 4,380. ఫ్లెక్సీల్లో ఒకటి యువత పట్టుబట్టి వేయించింది, కార్లో అకుటిస్‌ది. సెప్టెంబరు 7నే రోములో లియో పోపు గారు అతన్ని, పియర్ జార్జో ఫ్రస్సాతిని పునీతులుగా (సెయింట్లుగా) ప్రకటించారు, ఆ మధ్యాహ్నం మన కుర్రాళ్లు హాల్లో తెర కట్టి లైవ్ చూపించారు. జీన్స్ ప్యాంటు, టీషర్టుతో పునీతుడేమిటని మా పెద్దమనుషులు కొందరు గొణిగినా, పదిహేనేళ్లకే చనిపోయిన కుర్రాడి బొమ్మ ముందు నిలబడి మన పదో తరగతి పిల్లలు సెల్ఫీలు దిగడం చూస్తే ఆ ఖర్చు దండగ అనిపించలేదు. బాణసంచా ఈసారి ఒక్క రూపాయిది కూడా కొనలేదు.

ఇప్పుడు 45,200 సంగతి. నవంబరు 2 సమాధుల పండుగ ఈసారి ఆదివారం వచ్చింది, స్మశానం ప్రహరీ వెనకవైపు కూలి రెండేళ్లయింది, గేదెలు వచ్చి సిలువలు పడదోస్తున్నాయి, పండుగ మిగులు పెట్టి గోడ కట్టేయండి అన్నది చాలామంది మాట. అవసరం నిజమే. కానీ ఆ డబ్బును మా అంతట మేము అటు మళ్లించలేం. తిరుసభ చట్టం 1267వ నియమం ప్రకారం విశ్వాసులు ఒక పనికని ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలి. మనం రాసిన రసీదుల మీద "ఆరోగ్యమాత పండుగ చందా" అని ఉంది. కువైట్ నుంచి పంపిన అమ్మాయి మరియమ్మ పండుగకని పంపింది, గోడకని కాదు. ఇచ్చినవాళ్లు ఒప్పుకుంటే అది వేరే మాట. గ్రూపులో ఎక్కువ గట్టిగా అరుస్తున్న వాళ్లలో ఇద్దరివి ఆ రాని 21,000లో ఉన్నాయని కూడా ఇక్కడే అనేస్తున్నాం.

పైగా ఈ డబ్బుతో గోడ కాదు. మేస్త్రీ వేసిన అంచనా 1,80,000. కమిటీ ఆలోచన ఇలా ఉంది: 15,200 వచ్చే ఏడాదికి నిలువగా ఉంచుదాం. 2026లో వినాయక చవితి సెప్టెంబరు 14న, అంటే మన పండుగ అయిపోయాక వస్తుంది, మండపాలకు సామాను వెళ్లకముందే మనం ముందుగా మాట్లాడుకుంటే టెంట్లు తక్కువకే దొరకాలి, ఇంతకంటే పెద్ద నిలువ అక్కర్లేదు. మిగతా 30,000 ఇచ్చినవాళ్లు ఒప్పుకుంటే గోడకు మొదటి విడతగా ఇద్దాం, గోడకు వేరే రసీదు పుస్తకం, వేరే ఖాతా, పండుగ లెక్కతో కలపకూడదు. దూరాన ఉన్నవాళ్లు కోశాధికారికి ఒక మెసేజ్ పెడితే చాలు, ఊళ్లో ఉన్నవాళ్లు అక్టోబరు 26 ఆదివారం పూజ తర్వాత హాల్లో చెప్పాలి. ఎవరైనా వద్దంటే వాళ్ల చందా వరకు పండుగ నిలువలోనే ఉంచుతాం.

గోడ ఎలాగూ నవంబరు 2 లోపు లేవదు. నవంబరు 1 శనివారం పొద్దున్నే పారలు, కత్తులు పట్టుకుని రండి, కంప తెచ్చి వెనకవైపు కంచె వేద్దాం, దీనికి చందా లేదు. అక్టోబరు జపమాల నెల కాబట్టి రోజూ సాయంత్రం వాడల్లో జపమాల నడుస్తోంది, టీ బిస్కెట్లు ఎవరింటివి వాళ్లవే, వాటిని ఈ లెక్కలో రాయమని అడగొద్దు.

నవంబరు 23 క్రీస్తురాజు పండుగ. 11వ భక్తినాథ (పయస్) పోపు గారు ఈ పండుగను 1925లో స్థాపించారు, సరిగ్గా నూరేళ్లు, అందుకని దివ్యసత్ప్రసాద (పూజలో ఆశీర్వదించిన అప్పం) ప్రదక్షిణ ఈసారి ఊరంతా తిప్పాలని ఫాదర్ గారి కోరిక. దానికి ఇంటింటికీ రాము. ప్రదక్షిణ ఆగే నాలుగు చోట్ల పీఠాలు ఆ వీధుల వాళ్లే వేసుకుంటారు, మైకుకు పాటల బృందం చూసుకుంటోంది. క్రిస్మస్ చందా ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు వచ్చే వారాలు) మొదటి ఆదివారం, అంటే నవంబరు 30 తర్వాతే మొదలవుతుంది, అప్పటిదాకా క్రిస్మస్ పేరు చెప్పి ఎవరొచ్చి అడిగినా ఇవ్వొద్దు. ఫిబ్రవరి 9, 10, 11 గుణదల తిరునాళ్లకు నడిచి వెళ్లే వాళ్లు మాత్రం పేర్లు ఇప్పుడే రాయించండి, వెంట వచ్చే ట్రాక్టరు మాట్లాడాలి.

బిల్లులు, రసీదు పుస్తకాల కౌంటర్ ఫాయిళ్లు, బ్యాంకు పాస్‌బుక్ విచారణ కార్యాలయంలో ఉన్నాయి. ఆదివారాల్లో రెండో పూజ తర్వాత ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. బిల్లు లేని పద్దు చిల్లర 4,380 ఒక్కటే, దానికి చేతిరాత చీటీలున్నాయి. ఫొటోలు తీసి గ్రూపులో పెట్టొద్దు, వాటి మీద ఇచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు ఉన్నాయి.

పండుగ కమిటీ