రెండు స్ప్రింగులకు బిల్లు వేసి ఒక్కటే మార్చారు

కస్టమర్ కేర్ వారికి,

నమస్కారమండి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నా బండి ముందు ఫోర్కుల్లో (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని కుదుపులు ఆపే గొట్టాల్లో) స్ప్రింగులు మార్చమని మీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. బిల్లులో స్ప్రింగులు 2, ఆయిల్ సీళ్లు 2, ఫోర్క్ ఆయిల్, లేబర్ అన్నీ వేశారు, అంతా కట్టాను. లోపల మార్చింది కుడి వైపు ఒక్కటే.

బండి ఇంటికి తెచ్చాక కూడా పాత జబ్బు పోలేదు. ముందు బ్రేకు పట్టగానే మూతి కిందికి దిగిపోతుంది, గుంటలో పడితే టక్కుమని దెబ్బ హ్యాండిల్లోకి వస్తుంది. ఫోన్ చేస్తే “కొత్త స్ప్రింగులు కదండీ, కొంచెం తిరిగితే సెట్ అవుతాయి” అన్నారు. స్ప్రింగు వాడేకొద్దీ కుంగుతుందే గానీ గట్టిపడుతుందా అండి?

చివరికి పాలకొల్లులో తెలిసిన మెకానిక్ దగ్గర విప్పించాను. బండిని జాకీ మీద లేపి, చక్రం తీసి, స్ప్రింగులు రెండూ బయటికి లాగి గుడ్డ మీద పక్కపక్కన పెట్టాడు. కుడిది కొత్తది, మెరుస్తోంది. ఎడమది నల్లబడిపోయి, చుట్లు ఫోర్కు గొట్టానికి రాసుకున్న గీతలతో, రెండోదాని కంటే వేలి మందం పొట్టిగా ఉంది. ఆయిల్ కుడి వైపు నుంచి శుభ్రంగా వస్తే, ఎడమ వైపు నుంచి బురద రంగులో, కంపు కొడుతూ వచ్చింది, అదీ సీలు దగ్గర కారిపోగా మిగిలిన కాస్త. అంటే ఎడమ ఫోర్కు మీవాళ్లు అసలు విప్పనే లేదు. ఫోటోలు, బిల్లు జత చేశాను.

ముందు బరువు రెండు స్ప్రింగులూ కలిసి మోస్తాయి కాబట్టే వాటిని జతగా మారుస్తారు. ఆయిల్ కూడా ఏదో కొంత పోసేది కాదు, స్ప్రింగు తీసి, ఫోర్కు పూర్తిగా కిందికి నొక్కి, గొట్టం పై అంచు నుంచి ఎంత లోతులో ఉందో కొలిచి రెండు వైపులా సమానంగా పోయాలి, ఎందుకంటే ఆయిల్ పైన ఉండే గాలి కూడా ఒత్తుకుని స్ప్రింగు పనే చేస్తుంది. షెడ్డులో కూర్చునే మెకానిక్‌కి తెలిసిన సంగతి మీరు ట్రైనింగ్ ఇచ్చిన వాళ్లకి తెలియదంటే నేను నమ్మను.

“మీ రోడ్లు బాగోవు” అని మాత్రం జవాబు రాయకండి. నేను రొయ్యల చెరువులకి మేత వేసేవాణ్ణి, వెనక బస్తా కట్టుకుని గట్ల మీదే తిరగాలి. ఒక పక్క చెరువు, ఇంకో పక్క కాలువ, వాన పడితే నల్లమట్టి సబ్బులా జారుతుంది. అక్కడ బ్రేకు పట్టినప్పుడు ముందు చక్రం మాట వినకపోతే మనిషి నీళ్లలోనే. సాయంత్రాలు పిల్లల్ని కూడా ఇదే బండి మీద ట్యూషన్ నుంచి తీసుకొస్తాను, నా టెన్షన్ అదీ. ఉప్పు గాలికి ఫోర్కు గొట్టాల మీద తుప్పు చుక్కలు లేచి సీళ్లు కోసుకుపోతాయని మీకూ తెలుసు, ఈ ప్రాంతంలో బండ్లు అమ్ముతున్నది మీరే కదా.

నాకు కావలసింది ఇది. ఒకే పార్ట్ నంబరున్న కొత్త స్ప్రింగులు రెండూ, రెండు సీళ్లూ, కొలిచి పోసిన కొత్త ఆయిల్, మళ్లీ లేబర్ లేకుండా, నా కళ్ల ముందు వేయాలి. తీసిన పాత సామాను నా చేతికి ఇవ్వాలి. పాలకొల్లులో విప్పించడానికి అయిన ఖర్చు మీరే భరించాలి. చేయని పనికి బిల్లు ఎవరు రాశారో విచారించి నాకు రాతపూర్వకంగా చెప్పాలి, ఎందుకంటే ఎడమ ఫోర్కు విప్పకుండా పంపిన బండి నాదొక్కటే అయి ఉండదు.

వారంలోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్తాను. బండి ఇంకా పాలకొల్లు షెడ్డులో విప్పే ఉంది, స్ప్రింగులు రెండూ అక్కడే ఉంచాను, మీ మనిషిని పంపి చూసుకోండి.