ముందు ఇంజన్లు కదిలాయి, ఆ తర్వాతే మనుషులు కదిలారు

మొన్నటి తుపానుకు కావలి, బోగోలు పల్లెల నుంచి ట్రాక్టర్లు తోలుకొచ్చిన రైతులకు, సచివాలయం సిబ్బందికి, ఆశా అక్కలకు, రాత్రికి రాత్రే బడి గదులు తెరిచిన అయ్యవార్లకు జువ్వలదిన్నె, తుమ్మలపెంట తీరం మత్స్యకారుల తరఫున చేతులెత్తి దండం.

ఈ రోజుల్లో హెచ్చరిక చెవిన పడని ఇల్లు లేదు. ఫోను మోగుతుంది, మైకు తిరుగుతుంది. అయినా మగవాళ్లు ఒడ్డునే ఉండిపోతారు. బోటు, ఇంజను, వల... బతుకంతా అక్కడే ఉంటే ఎట్లా కదులుతారు? 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను కథలు విన్న ఇళ్లలోనూ ఇదే వరస. మీరది పట్టుకున్నారు. ముందు ఇంజన్లు విప్పించారు. ఒక్కోదాని మీద పెయింటుతో నంబరు వేసి, అదే నంబరు చీటీ యజమాని చేతికిచ్చి, బడి గదిలో పెట్టి తాళం వేశారు. చీటీ జేబులో పడ్డాకే ఆటోలు నిండాయి.

బోట్ల పని ఇంకా గొప్పగా చేశారు. సరుగుడు చెట్లకు కట్టడం మనకు అలవాటు. ఇసుకలో వాటి వేరుకు పట్టు చాలదు, చెట్టు పడితే బోటు మీదే పడుతుంది. అందుకని రొమ్ములోతు గుంట తీసి, దుంగను అడ్డంగా పరిచి, దాని నడుముకు మోకు బిగించి, తడి ఇసుక పోస్తూ తొక్కారు. లాగేకొద్దీ పైనున్న ఇసుక బరువే దుంగను పట్టి ఉంచుతుంది. ముందూ వెనకా రెండు వైపులా కట్టారు. తుపాను కేంద్రం మన మీదుగా పోతే మొదట ఉత్తరపు గాలి కొడుతుంది, కాసేపు పూర్తిగా ఆగుతుంది, తర్వాత దక్షిణం నుంచి విరుచుకుపడుతుంది. ఒక వైపే కట్టిన బోటు ఆ రెండో దెబ్బకు తిరగబడుతుంది. బోటుకూ బోటుకూ మధ్య పాత టైర్లు, లోపల ఇసుక మూటలు.

గాలి ఆగగానే ఇంటికి పోతామన్నవాళ్లను గుమ్మంలోనే ఆపిన అక్కలకు వేరే దండం. ఆ నిశ్శబ్దమే మనిషిని బయటికి లాగుతుంది.

హెచ్చరికను మా మాటల్లో చెప్పడం కూడా పెద్ద సాయమే. మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారంటే అది రేవులో ఓడలకు గుర్తు, ఊరు ఖాళీ చేయాలో వద్దో అందులో ఉండదు. వాతావరణ శాఖ ఇచ్చే రంగుల హెచ్చరికల్లో ఎల్లో అంటే గమనించుకోండి, ఆరెంజ్ అంటే సిద్ధపడండి, రెడ్ అంటే ఇక ఆగొద్దు. ఇంత విడమరిచి, "మీ వీధికి నాలుగింటికి ఆటో వస్తుంది, మందులు, ఆధార్, పాస్‌బుక్ ప్లాస్టిక్ కవర్లో చుట్టుకోండి" అని ఇంటింటికీ చెప్పారు.

ట్రాక్టర్ల వాళ్ల మోకులు కొన్ని మా దగ్గరే ఉండిపోయాయి. ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, నీడన ఆరేసి, చుట్టలు చుట్టి ఉంచాం. ఎవరివి వాళ్లు గుర్తుపట్టి తీసుకెళ్లండి.